పది మాటల పరీక్ష

ఇది రాయడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. రోజుకి ఇరవై నిమిషాలు, అంతే. మా ఆవిడ లావణ్య ఇడ్లీల కోసం కొన్న టైమర్‌ని నా పక్కన పెట్టి వెళ్తుంది. అది మోగకముందే నేను కలం మూసేయాలి. మోగిందంటే ఆ చప్పుడుకి సాయంత్రం దాకా తల పట్టుకుని కూర్చోవాల్సి వస్తుంది. కాబట్టి ఎక్కడైనా మాట తెగినట్టుంటే, చెప్పిందే మళ్ళీ చెప్పినట్టుంటే, ఆ రోజు గడువు అయిపోయిందనుకుని సర్దుకోండి.

నా పేరు రాజేందర్. ముప్ఫై రెండేళ్ళు. సౌదీలో, అల్ ఖోబర్‌లో ఉంటాను. మొన్నటిదాకా డబ్బు తీసుకుని ఐస్ హాకీ ఆడేవాణ్ణి. ఈ మాట చెప్తే జగిత్యాలలో మా చుట్టాలు రెండుసార్లు నవ్వుతారు. ఎడారిలో మంచేంటని ఒకసారి, మంచు మీద మనోడేంటని ఇంకోసారి. వాళ్ళని తప్పుపట్టను. నాకే ఒక్కోసారి నమ్మబుద్ధి కాదు.

మా బాపు చిల్లర్ టెక్నీషియన్, అంటే నీళ్ళని గడ్డకట్టించే పెద్ద మిషన్ల మెకానిక్. ఇక్కడి ఒక పెద్ద మాల్‌లో స్కేటింగ్ రింక్ ఉంది. బయట నలభై ఎనిమిది డిగ్రీలు మండుతున్నా లోపల మంచు కరగకుండా చూసుకోవడం ఆయన ఉద్యోగం. అమ్మనీ నన్నూ ఇక్కడికి తెచ్చుకునేసరికి నాకు ఆరేళ్ళు. స్కూలు అయ్యాక నన్ను ఇంట్లో ఒక్కణ్ణే వదల్లేక అమ్మ రింక్‌కి తీసుకొచ్చేది. చుట్టూ అంత మంచు పెట్టి, దాని మీద కాలు పెట్టొద్దంటే ఏ పిల్లాడు వింటాడు? పదేళ్ళకి వెనక్కి స్కేటింగ్ చేసేవాణ్ణి. పదహారేళ్ళకి కంపెనీల ఇంజినీర్లు శుక్రవారాలు ఆడుకునే జట్టులో నాకో చోటు దొరికింది. ఇరవై మూడేళ్ళకి తూర్పు యూరప్‌లో ఒక చలిదేశంలో చిన్న ఊరి క్లబ్బు జీతమిచ్చి పిలిచింది. అక్కడ రెండు సీజన్లు ఆడాను. అమ్మ పోయాక ఆ చలి నాకు పడలేదు. అదే సమయానికి ఇక్కడా జీతమిచ్చే జట్లు పుట్టుకొచ్చాయి. క్లబ్బు నా ఇకామా, అంటే ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు, తన పేరు మీదకి మార్చుకుంది. పెళ్ళయింది, పాప పుట్టింది. అంతా సాఫీగానే నడుస్తోంది అనుకున్నాను.

నేను డిఫెన్స్‌మన్‌ని. ఐస్ హాకీ చూడనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. గోల్ కొట్టేవాళ్ళ ఫొటోలు వస్తాయి. మేం వెనకుండి, దూసుకొచ్చేవాణ్ణి అంచు గోడకేసి ఒత్తి ఆపుతాం. వాళ్ళు కొట్టిన రబ్బరు బిళ్ళకి ఒళ్ళు అడ్డం పెడతాం. ఎప్పుడూ జంటగా దిగుతాం. నా జోడీ ఫైసల్, ఇక్కడివాడే, దమ్మామ్ కుర్రాడు, నాకంటే ఏడేళ్ళు చిన్న. వాడు ఎడమ, నేను కుడి. మూడేళ్ళలో వాడు ఎటు తిరుగుతాడో చూడకుండానే చెప్పగలిగేవాణ్ణి.

ఆగస్టు

జబ్బు అక్టోబర్లో మొదలైందని రిపోర్టుల్లో ఉంటుంది. నన్నడిగితే ఆగస్టులోనే మొదలైంది.

తలలు గుద్దుకునే ఆటల్లో సీజన్ ముందు ఒక పరీక్ష పెడతారు. డాక్టర్ పది మాటలు చదువుతాడు, మనం తిరిగి చెప్పాలి. కాసేపయ్యాక మళ్ళీ చెప్పాలి. కంప్యూటర్ ముందు కూర్చుని బొమ్మలు మారినప్పుడల్లా మీట నొక్కాలి. ఒంటికాలి మీద నిలబడాలి. ఆ మార్కులు దాచిపెడతారు. రేపు తలకి దెబ్బ తగిలితే మళ్ళీ అదే పరీక్ష. మార్కులు తగ్గితే మంచు మీదకి రానివ్వరు, తగ్గకపోతే పో, ఆడుకో అంటారు.

ఇప్పుడు మా తెలివి వినండి. మొదటి పరీక్షనే మొద్దులా రాసేస్తే, దెబ్బ తగిలి నిజంగా మొద్దయినా తేడా కనబడదు. యూరప్‌లో డ్రెస్సింగ్ రూమ్‌లో ఒక సీనియర్ నాకిది నేర్పాడు. మరీ తక్కువ చేస్తే కంప్యూటర్ పట్టేస్తుంది, కొంచెం నిద్రమత్తులో ఉన్నవాడిలా రాయాలి అన్నాడు. పది మాటల్లో నాది ఆరు. ప్రతి ఏడాదీ ఆరే. అదీ ఎలాగనుకున్నారు? ఆరో మాట చదవగానే నేను వినడం ఆపేసేవాణ్ణి. డాక్టర్ వెనకున్న గోడ గడియారంలో సెకన్ల ముల్లుని లెక్కపెట్టుకునేవాణ్ణి. మిగతా నాలుగూ చెవిలో పడితే నోటిదాకా వస్తాయి, నోటిదాకా వస్తే మొహంలో తెలిసిపోతుంది. అందుకని పడనిచ్చేవాణ్ణే కాదు.

ఇది మోసమని అప్పుడు అనిపించలేదు. కాలికి కట్టు బిగించుకున్నట్టు ఇదీ ఆటలో ఒక జాగ్రత్త అనిపించింది. ఫైసల్ మా జట్టులో చేరిన ఏడాది వాడికీ నేర్పాను. నా జోడీ ప్రతి మ్యాచ్‌లో నా పక్కనుండాలి కదా, అంతే నా లెక్క.

అక్టోబర్

సీజన్ మూడో వారం, ఖోబర్లోనే మ్యాచ్. మూలకి పోయిన బిళ్ళ కోసం నేనూ అవతలి జట్టువాడూ ఒకేసారి వెళ్ళాం. వాడి మోచెయ్యి నా చెవి మీద తగిలింది. నేను పడలేదు. అదే నా గొప్ప అనుకున్నాను. కానీ తర్వాతి పది నిమిషాలు ఆడానని వీడియోలో చూశాను తప్ప నాకు గుర్తులేదు.

తలనొప్పి ఉందని టీమ్ ఫిజియోకి చెప్పలేదు. లావణ్యకి చెప్పలేదు. ఇంట్లో చీకటి పడకముందే పడుకుంటుంటే, అలసట అన్నాను. ఆరో రోజు పరీక్ష పెట్టారు. ఈసారి నటించే పని పడలేదు. పది మాటల్లో నిజంగానే ఆరొచ్చాయి. అప్పుడైనా భయం వేయాల్సింది. నాకు మాత్రం సంతోషం వేసింది, చూడండి. పాసయ్యాను. పదో రోజుకి మంచు మీద ఉన్నాను.

రెండో దెబ్బ రియాద్‌లో, నెలాఖరులో. దాన్ని దెబ్బ అనడానికి కూడా సిగ్గేస్తుంది. గోల్ వెనక ఒకడు వచ్చి భుజంతో నెట్టాడు, హెల్మెట్ అంచు గోడకి తగిలింది. అలాంటివి వెయ్యి తిన్నాను. అయితే ఈసారి లేచి నిలబడేసరికి రింక్ ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది, మళ్ళీ సర్దుకోలేదు. బస్సులో ఖోబర్ దాకా నాలుగు గంటలు. దారిలో రెండుసార్లు ఆపించి ఇసకలో కూర్చుని వాంతి చేసుకున్నాను. ఫైసల్ నా వీపు మీద చెయ్యేసి పక్కనే కూర్చున్నాడు. "టెస్ట్‌కి టైముంది, కంగారుపడకు" అన్నాడు. వాడు నన్ను ఊరడించడానికే అన్నాడు పాపం.

నవంబర్

ఆ నెలంతా ఒక గదిలో గడిపాను. వెలుతురు భరించలేకపోయేవాణ్ణి. ఇక్కడ ఎండకి చాలామంది కిటికీలకి వెండి కాగితం అంటిస్తారు. బాపు మాత్రం చిల్లర్ పైపులకి చుట్టే మందపాటి రేకు కాగితం తెచ్చి, నాలుగంచులా టేపు వేసి, ఒక్క సూదిమొనంత వెలుగు కూడా రాకుండా మూసేశాడు. స్టూలు మీంచి దిగి, "ఇగ నువ్వు చిల్లర్ రూముల ఉన్నట్టే" అన్నాడు. నవ్విద్దామని అన్నాడు. నాకు నవ్వు రాలేదు, ఆయనకీ రాలేదు.

చప్పుళ్ళ సంగతి చెప్తాను. గిన్నె మీద గరిటె. చెప్పుల టకటక. ఫ్రిజ్ మొదలైనప్పుడు వచ్చే ఆ ఝం. వీధి చివరి మసీదు మైకు వినబడే వేళకి ముందే రెండు దిండ్ల మధ్య తల పెట్టుకునేవాణ్ణి. మా పాప చిన్నికి ఐదేళ్ళు. ఒకరోజు స్టీలు పళ్ళెం మీద చెంచాతో వాయిస్తుంటే గదిలోంచి వచ్చి అరిచాను. ఏమని అరిచానో గుర్తులేదు. దాని మొహం మాత్రం గుర్తుంది. ఆ రోజు నుంచి అది ఇంట్లోకి రాగానే చెప్పులు చేత్తో పట్టుకుని, గోడవారగా నడిచేది. గుసగుసగానే మాట్లాడేది. చిన్ని చదివేది లావణ్య పాఠాలు చెప్పే ఇండియన్ స్కూల్లోనే. మూడు వారాలకి చిన్ని క్లాసు టీచర్ ఆమెని స్టాఫ్‌రూమ్‌లో పిలిచి అడిగిందట, పాప క్లాసులో కూడా గుసగుసగానే జవాబులు చెప్తోంది, గొంతు బాగాలేదా అని.

లావణ్య ఆ మాట నాకు చెప్పినప్పుడు నేను ఏడ్చాను. ఏడిస్తే తల పగిలిపోతుంది కాబట్టి ఆ ఏడుపు కూడా ఆపుకోవాల్సి వచ్చింది.

మరుపు మెల్లగా బయటపడింది. వీధిలో ఉన్న బకాలాలో, అంటే మన కిరాణా కొట్టే, ఒకరోజు సాయంత్రం నల్లద్దాలు పెట్టుకుని వెళ్ళాను. అరల మధ్య నిలబడ్డాను. ఎందుకొచ్చానో తెలియదు. సరే, ఇంటికి పోదామంటే ఏ వైపు పోవాలో తెలియదు. కొట్టు నడిపే మలయాళీ ఆయన చాలాసేపు నన్ను గమనించాడట. ఏమీ అడక్కుండా కుర్చీ వేసి కూర్చోబెట్టి, నేను ఎప్పుడూ కొనే పెరుగు డబ్బా, రొట్టె సంచీలో పెట్టి, తనే నన్ను గుమ్మం దాకా దిగబెట్టాడు. లావణ్యతో, "సంచీ సార్‌కి బరువు, అందుకే వచ్చాను" అన్నాడు. సంచీలో రెండు వస్తువులే ఉన్నాయి. ఆయన అబద్ధం నా పరువు కోసం. నాకు తెలుసు, లావణ్యకీ తెలుసు.

ఇంకో సంగతి బాపుది. రింక్ నుంచి వచ్చి నా మంచం పక్కన నేల మీద కూర్చునేవాడు. రోజూ ఏదో అడగబోయి ఆగిపోయేవాడు. చివరికి ఒక రోజు అడిగేశాడు.

"కొడకా, ఐసు మరీ గట్టిగ వెట్టిన్నా నేను?"

నాకు అర్థం కాలేదు.

"పోరగాండ్లు ఆడుకునే రోజు మైనస్ మూడు పెడుత. హాకీ ఉన్ననాడు మైనస్ ఆరుకు దించుత. అది బండ లెక్క అయితది. ఫస్టు దెబ్బ నా ఐసు మీదనే గద తాకింది నీకు."

"బాపూ, మోచెయ్యి తాకింది. ఐసు మీద నేను పడనే లే."

తలూపాడు, నమ్మలేదు. తర్వాత తెలిసింది, ఆ నెల నుంచి హాకీ రోజుల్లో కూడా ఆయన మంచుని మెత్తగానే ఉంచాడు. బిళ్ళ జారడం లేదని ఆటగాళ్ళు గొడవపడుతుంటే, మిషన్ పాతదైందని చెప్పి నెట్టుకొచ్చాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆయన చేసిన తప్పుడు పని అదొక్కటే.

డిసెంబర్

నెల తిరిగేసరికి క్లబ్బు మళ్ళీ పరీక్ష పెట్టించింది. నల్లద్దాలతో వెళ్ళాను. కంప్యూటర్ తెర వెలుతురుకి కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఉన్న శక్తంతా పెట్టి రాశాను, ఎందుకంటే అప్పటికి నాకు ఆట మీద ఆశ లేదు, ఎంత పాడయ్యానో తెలుసుకోవాలనుంది. ఆరు మాటలు. మీటలు నొక్కడంలో ఆగస్టు మార్కుల కంటే ఒక వెంట్రుకవాసి తక్కువ.

కాగితం వచ్చింది. తేడా లేదు, ఆటకి పనికొస్తాడు.

ఆ కాగితం నా మీద తలుపు మూసేసింది. తేడా లేదు కాబట్టి ఇన్సూరెన్సువాళ్ళు మిగతా స్కానింగులకీ కళ్ళ వ్యాయామాలకీ అనుమతి ఇవ్వలేదు. క్లబ్బు మేనేజర్ ఫోన్ చేసి మర్యాదగానే, ప్రాక్టీసుకి ఎప్పుడొస్తున్నావు అన్నాడు. రెండోసారి అంత మర్యాద లేదు. రాకపోతే కాంట్రాక్ట్ సంగతి, ఇకామా సంగతి గుర్తుచేశాడు. వాళ్ళని అనడానికేముంది? నేను ఇచ్చిన మార్కులే వాళ్ళు నాకు చూపిస్తున్నారు.

ఇంట్లో అంతకంటే కష్టం. లావణ్య తెల్లారకముందే లేచి వండి, చిన్నిని తయారుచేసి, స్కూల్లో ఆరు క్లాసులు చెప్పి, వచ్చి మళ్ళీ నన్ను చూసుకుంటోంది. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆ కాగితం చేతిలో పట్టుకుని నా గది గుమ్మంలో నిలబడింది.

"రిపోర్టుల మంచిగనే ఉందంటున్నరు. మల్ల నీకు ఏమైతుందో నాకు సమజ్ అయితలేదు, రాజు."

"నొప్పి లేస్తుంది. ఏం చెప్పాలె ఇంక?"

"నొప్పి లేదంటలేను. భయమేమో అంటున్న. మల్ల దెబ్బ తాకుతదని మనసుల వట్టుకున్నదేమో. అట్లయితదంట కొందరికి."

నాకు కోపం వచ్చింది. ఆమె అన్నదానికి కాదు, ఆమె తప్పు లేనందుకు. ఒక్క మాట చెప్తే చాలు, ఆ ఆగస్టు మార్కులు దొంగవి అని. చెప్తే కాంట్రాక్ట్ పోతుంది. కాంట్రాక్ట్ పోతే ఇకామా పోతుంది, చిన్ని స్కూలు, ఈ ఇల్లు, అన్నీ దానికే కట్టి ఉన్నాయి. "అవును, భయమే" అన్నాను. ఆమె తల వంచుకుని వెళ్ళిపోయింది. మా పెళ్ళయ్యాక నేను ఆమెకి చెప్పిన అతి పెద్ద అబద్ధం అదే, అందులో సగం నిజం కూడా ఉంది.

జనవరి

ఆస్పత్రి వెయిటింగ్ హాల్ గురించి రాయకపోతే తప్పు. నరాల డాక్టర్ దగ్గరికి నా చేతి డబ్బుతో వెళ్ళడం మొదలుపెట్టాను. సూడాన్ ఆవిడ, యాభై దాటి ఉంటాయి, మెల్లగా మాట్లాడుతుంది. ఆవిడ దగ్గరికి వెళ్ళేలోపు గంటన్నర ఆ హాల్లో కూర్చోవాలి. తెల్లటి ట్యూబులైట్లు, పెద్ద టీవీ, చిలకాకుపచ్చ కుర్చీలు. తలదెబ్బ రోగుల్ని కూర్చోబెట్టడానికి అంతకంటే పాడు గది ఎవరూ కట్టలేరు.

ఒకరోజు కళ్ళు మూసుకుని, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చున్నాను. బాపు ఫోన్ చేస్తే ఒక ముక్క మాట్లాడి పెట్టేశాను. పక్కనుంచి ఒక గొంతు.

"ఏవండీ, తెలుగోరేనా? లైటు పడట్లేదా కళ్ళకి?"

ఆవిడ పేరు సత్యవతి. అమలాపురం దగ్గర పల్లె. ఒక సౌదీ ఇంట్లో పనిచేస్తూ, ముసలి మేడమ్‌ని డాక్టర్‌కి చూపించడానికి తెచ్చింది. నేను తల మాత్రం ఊపాను. ఆవిడ లేచి వెళ్ళి, రిసెప్షన్లో కుర్రాడితో అరబ్బీలో దబాయించి టీవీ ఆపించింది. తర్వాత సంచీలోంచి మడత పెట్టిన నల్ల బట్ట తీసింది.

"కట్టేసుకోండి, ఉతికిందేలెండి. సిగ్గేంటండీ, ఇక్కడ అందరం బాగోకే వచ్చాం."

కళ్ళకి గంతలు కట్టుకుని కూర్చున్నాను. నా పేరు పిలిచినప్పుడు ఆవిడే చెయ్యి పట్టుకుని లోపలి గుమ్మం దాకా తీసుకెళ్ళింది. బట్ట తిరిగి ఇవ్వబోతే, "ఉంచండి, మళ్ళీ రావాలిగా మీరు" అంది. ఆ తర్వాత ఆవిణ్ణి చూడలేదు. ఆ బట్ట ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఫైసల్ ఫోన్ ఆ వారంలోనే వచ్చింది. మేమిద్దరం అరబ్బీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడుకుంటాం. వాడి గొంతు హుషారుగా ఉంది. పోయిన వారం మ్యాచ్‌లో తల గోడకి కొట్టుకుందట. రెండ్రోజులు కడుపులో తిప్పిందట.

"ఈరోజు టెస్ట్ పెట్టారు. ఖలాస్, పాసయ్యాను" అన్నాడు. "నువ్వు నేర్పిన విద్యే, అన్నా. గురువారం ఆడుతున్నా."

"తలనొప్పి ఉందా?"

"కొంచెం. నీక్కూడా ఉండేదిగా."

ఫోన్ పెట్టేశాను. నా మొదటి దెబ్బ, నా పదో రోజు, నా సంతోషం, అన్నీ వాడి నోట విన్నాను. ఆ రోజు మంగళవారం.

సాయంత్రం లావణ్య వంటింట్లో చపాతీలు చేస్తోంది. చిన్ని బాపుతో కింద ఆడుకుంటోంది. నేను గోడకి ఆనుకుని నిలబడి మొత్తం చెప్పాను. యూరప్ సీనియర్ దగ్గర్నుంచి ఫైసల్ దాకా. ఆమె పెనం మీంచి చపాతీ తీయడం మరిచిపోయింది. అది మాడి పొగ వచ్చింది.

"అంటే డిసెంబర్ల నేను భయమేమో అన్ననాడు... నువ్వు అవునన్నవు."

"అన్న."

"నెల రోజులసంది నీ మీద అనుమానపడ్డా అని నన్ను నేను తిట్టుకుంట ఉన్న, రాజు. కాగితాన్ని నమ్మాల్నా నిన్ను నమ్మాల్నా తెల్వక పిచ్చి లేసింది నాకు."

పొయ్యి ఆపింది. చేతులు కడుక్కుంది. నేను తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది.

"కాంట్రాక్ట్ పోతది" అన్నాను.

"పోనీ. ఆ పిలగాడు గురువారం ఆడుతడా? అది చెప్పు."

మర్నాడు పొద్దున ఆమె స్కూలుకి సెలవు పెట్టి నాతో వచ్చింది. డాక్టరమ్మకి చెప్పాను. ఆవిడ రాస్తున్నది ఆపి, కళ్ళద్దాలు తీసింది. కోప్పడలేదు. నా ఫైలు తిరగేసి, ఆగస్టు మార్కులున్న కాగితం మీద అడ్డంగా ఒక గీత కొట్టింది. "ఇది ఇక ఎవరికీ పనికిరాదు" అంది. నా ముందే క్లబ్బుకి ఫోన్ చేసింది. ఫైసల్‌ని ఆపారు. జట్టు మొత్తానికి మళ్ళీ పరీక్షలు పెట్టారు. వాణ్ణి వేరే డాక్టర్లు పూర్తిగా చూసి, సీజన్ అయ్యేదాకా మంచు ఎక్కొద్దన్నారు.

వాడు నాకు ఒకే ఒక్క మెసేజ్ పెట్టాడు. నేర్పిందీ నువ్వే, పట్టించిందీ నువ్వే అని. ఆ తర్వాత నా నంబరు బ్లాక్ చేశాడు. అది చదివి నాకు కోపం రాలేదు. వాడికి ఇరవై అయిదేళ్ళు, తప్పు లేకుండా మెసేజ్ టైప్ చేయగలుగుతున్నాడు, అది చాలనుకున్నాను.

క్లబ్బు నా కాంట్రాక్ట్ రద్దు చేసింది. మోసం కింద రాశారు. రాయాల్సిందే.

బాపుకి ఆ సాయంత్రమే చెప్పాను. "అయితే ఐసుది కాదన్నట్టు" అన్నాడు. మర్నాడు రింక్‌కి పోయి, హాకీ రోజు మళ్ళీ మైనస్ ఆరు పెట్టాడు. వచ్చి నాతో చెప్పాడు. చెప్తూ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

వేసవి

ఆ తర్వాతివి త్వరగా చెప్తాను, టైమర్‌లో ఎక్కువ లేదు. రంజాన్ నెల నాకు మేలు చేసింది. పగళ్ళు వీధులు నిశ్శబ్దంగా ఉండేవి, మొదటిసారి రేకు కాగితం ఒక మూల చింపి వెలుతురు రానిచ్చాను. అసలు సంగతి బయటపడ్డాక, గడువు ఇంకా మిగిలున్న ఆ పాత ఇన్సూరెన్సే కళ్ళ వ్యాయామాలకి ఒప్పుకుంది. బాపు బతిమాలితే ఆయన కంపెనీవాళ్ళు నా ఇకామా తమ పేరు మీదకి మార్చుకుని, చిల్లర్ రూమ్‌లో హెల్పర్‌గా పెట్టుకున్నారు. చెవులకి చప్పుడు ఆపే మఫ్‌లు పెట్టుకుని గంటకోసారి ఉష్ణోగ్రతలు రాసి పెడతాను. పైన పిల్లలు స్కేటింగ్ చేస్తుంటారు. నేను పైకి వెళ్ళను.

కోపం ఇంకా తొందరగా వస్తుంది. పేర్లు పోతాయి. చదివిన పేజీ మళ్ళీ చదువుతాను. లావణ్య నాతో మామూలుగానే ఉంటుంది, కానీ నేను ఏదైనా బాగుందంటే ఒక్క క్షణం నా మొహం చూసి గానీ నమ్మదు. ఆ క్షణం నేను సంపాదించుకున్నదే. చిన్ని స్కూల్లో గట్టిగా మాట్లాడుతోందట, ఇంట్లో ఇంకా గుసగుసే.

ఆడే పిల్లలకి ఒకే మాట. ఆ పరీక్ష ఒళ్ళు దాచుకోకుండా రాయండి. అది డాక్టర్ కోసం కాదు. రేపు మీరు ఎవరో మీకు గుర్తులేనప్పుడు, అడగడానికి అదొక్కటే ఉంటుంది. ఇంట్లోవాళ్ళకి ఇంకో మాట. కాగితం బాగుందన్నా, మీ మనిషి బాగోలేదని మీకనిపిస్తే, మీ కళ్ళనే నమ్మండి.

జూన్లో డాక్టరమ్మ మళ్ళీ పరీక్ష పెట్టింది. లైటు తగ్గించి, మెల్లగా పది మాటలు చదివింది. ఈసారి నేను గడియారం చూడలేదు. కళ్ళు మూసుకుని, చిన్నప్పుడు ఎక్కాలు వల్లెవేసినట్టు ఒక్కో మాటనీ పట్టుకుని, తర్వాతిదానికి కట్టుకుంటూ, ఎనిమిదో మాట దాకా వదల్లేదు. చివరి రెండూ కూడా విన్నాను, ఒట్టు. తర్వాత చెప్పమంది. మొదటి ఆరూ వచ్చాయి. ఏడోది నాలుక చివర ఉంది. ఆవిడ చాలాసేపు ఆగింది. అది రాలేదు.

లావణ్య బయట హాల్లో, ఆ చిలకాకుపచ్చ కుర్చీల్లో కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది.

"ఎన్నొచ్చినయి?"

"ఆరు."

ఆమె నా చేతిలోంచి ఫైలు తీసుకుంది. తలుపు దాకా నడిచాక ఆగి, నా వైపు తిరగకుండానే అడిగింది.

"దెబ్బ తాకకముందు ఎన్నొస్తుండె?"

"తెల్వది" అన్నాను. "ఒక్కసారన్న మంచిగ రాయలే."